ఒరిగిన తల, తిన్నని బొమ్మ

మా స్కాన్ విభాగంలో కొత్తగా చేరిన పిల్లలు నా వెనక నన్ను ‘స్కేలు మేడమ్’ అనేవారు. ఆ సంగతి నాకు తెలుసని వాళ్ళకు తెలియదు. పేరు తప్పు పెట్టారని నేననను. గోడమీద క్యాలెండరు వేలెడు ఒరిగినా లేచి వెళ్ళి సరిచేసేదాన్ని. ఫైళ్ళ దొంతరలో ఒకటి బయటికి పొడుచుకొస్తే టీ సయించేది కాదు. మా ఆయన ఇప్పటికీ అంటారు, పెళ్ళిచూపుల్లో నేను ఆయన్ని కాకుండా ఆయన వెనకున్న ఫొటోని చూశానని. నిజమే, ఆ ఫొటో ఎడమ వైపు దిగి ఉంది.

ఢిల్లీలో ఒక పెద్ద ప్రభుత్వాసుపత్రిలో ముప్ఫై ఏళ్ళు ఎమ్మారై టెక్నాలజిస్టుగా పనిచేసి, ఇప్పుడు ఢిల్లీ పక్కనే ఇందిరాపురంలో మా ఫ్లాటులో కూర్చుని ఇది రాస్తున్నాను. మా సొసైటీలో ఉండే ఒక తెలుగమ్మాయి ఇదే కోర్సు చదువుతోంది. “ఆంటీ, మీరెప్పుడైనా పెద్ద తప్పు చేశారా?” అని మొన్న లిఫ్టులో అడిగింది. ఆంటీ అన్నందుకు ఒక చురక వేశాను కానీ, ప్రశ్న మాత్రం నాతోపాటు ఇంట్లోకి వచ్చి కూర్చుంది. చిన్న తప్పులు బోలెడు. పెద్దది ఒక్కటే. అది నాకు చేతకాని పనిలో జరగలేదు, బాగా వచ్చిన పనిలోనే జరిగింది. ఆ పిల్లకూ, ఈ పనిలోకి వస్తున్న మీ అందరికీ అదే చెబుతాను.

రెండువేల సంవత్సరం దాటిన అయిదారేళ్ళకు మా మెషీనుకు కొత్త విద్య వచ్చింది. మెదడు లోపల తెల్లటి తీగల కట్టలు ఉంటాయి. చెయ్యి కదపమని పైనుంచి వచ్చే ఆజ్ఞ అలాంటి ఒక కట్ట వెంటే కిందికి దిగి వెన్నుపాములోకి పోతుంది. మామూలు స్కానులో ఈ దారులు విడివిడిగా కనిపించవు, అంతా ఒకటే తెల్లటి ముద్ద. కొత్త విద్యలో మెదడులోని నీరు ఏ దిక్కుకు సులువుగా కదులుతోందో కొలుస్తాం. చీపురుకట్ట మీద నీళ్ళు పోస్తే పుల్లల వెంట జారుతాయి కదా, అంతే. ఇరవై అయిదు దిక్కుల్లో కొలిచి, ఒక్కో చుక్క దగ్గర నీరు ఎటు మొగ్గుతోందో చూసి, చుక్కలు కలుపుకుంటూ పోతే దారి తేలుతుంది. బతికున్న మనిషి తల తెరవకుండా లోపలి దారులు చూడటం! మొదటి బొమ్మ తెరమీద నీలం రంగులో లేచిన రోజు మా విభాగమంతా పని మానేసి చుట్టూ మూగింది.

స్కాన్ తీయడం నా పని. లెక్క కట్టి దారులు గీయడం ఒక పీహెచ్‌డీ అమ్మాయి పని. కరీంనగర్ దగ్గరి పిల్ల. మునిర్కాలో మంచం వేస్తే తలుపు సగమే తెరుచుకునే గదిలో ఉండేది. విభాగంలో తెలుగువాళ్ళం మేమిద్దరమే కాబట్టి నేను తనకు గోంగూర పచ్చడి తెచ్చిపెట్టేదాన్ని, అంతే హక్కుగా తిట్టేదాన్ని. చూడటానికి గట్టిగా నాలుగు మాటలు మాట్లాడని మనిషి. లెక్క దగ్గర మాత్రం పట్టిన పట్టు వదలదు. అది నాకు నచ్చేదీ కాదు, నచ్చకపోయేదీ కాదు. నన్ను చూసుకున్నట్టే ఉండేది.

ఆ రోజుల్లో వచ్చింది ఆవిడ. నెల్లూరు మనిషి, నాకంటే నాలుగేళ్ళు చిన్న. ఒక కేంద్ర ప్రభుత్వ కార్యాలయంలో స్టెనోగ్రాఫరు. సరోజినీ నగర్ క్వార్టర్స్‌లో కాపురం. డిక్టేషన్ తీసుకుంటూ ఉండగా రెండుసార్లు పెన్సిలు చేతిలోంచి జారిపోయిందట, మూడోసారి ఫిట్స్ వచ్చాయట. స్కాన్ తీస్తే మెదడు ఎడమ వైపున గడ్డ. ఎడమ మెదడే కుడి చేతిని నడుపుతుంది. ఆవిడ రాసేది కుడి చేత్తోనే. అందుకే సర్జన్ ఆ దారి ఎక్కడుందో చూపించమని మాకు పంపాడు.

“అక్కా, మీది మన పక్కేనా? అబ్బ, ఈ గుహలోకి పోయేముందు తెలుగు మాట ఒకటి వినబడింది, చాల్లే,” అంది బల్లమీద పడుకుంటూ.

ఆవిడకు చిన్నప్పటినుంచీ మెడ కుడి భుజం వైపు ఒరిగి ఉంటుంది. సరిచేయబోతే నొప్పి. నేను స్పాంజి ముక్కలు పెట్టి చూశాను, టవలు మడిచి చూశాను. తల కదల్లేదు. సరే, తల తిన్నగా రాకపోతే బొమ్మనే తిన్నగా తీస్తానని కంప్యూటరు మీద స్లైసుల గీతల్ని, అంటే తలను ఏ వాలులో పొరలుగా కోసి చూపాలో చెప్పే గీతల్ని, ఆ ఒరిగిన తలకు సరిపోయేట్టు తిప్పాను. ఇరవై డిగ్రీల పైమాటే. మెషీనులో మనిషి ఒరిగే ఉన్నా, తెరమీద బొమ్మ మాత్రం తూచినట్టు వచ్చింది. కళ్ళు రెండూ ఒకే వరసలో. నా జన్మలో అంత కష్టమైన తలకు అంత తిన్నని బొమ్మ తీయలేదని మురిసిపోయాను.

మూడు రోజుల తర్వాత పిల్ల దారులు గీసి నన్ను పిలిచింది. ఎడమ పక్క నీలం దారి గడ్డకు దూరంగా, నడిమి వైపు వంగి ఉంది. కుడి పక్క దారి చెవి వైపు వంగింది.

“మేడమ్, నాకైతే ఏదో తేడా కొడ్తున్నది. కుడి దిక్కు గడ్డనే లేదు గదా, మరి ఆ దారి చెవి దిక్కు ఎందుకు పోతున్నది?”

“ఒక పక్క గడ్డ నెడితే రెండో పక్క జరగదా?”

“గంత జరుగుతదా మేడమ్? ఒక్కసారి మల్ల చూద్దాం.”

అప్పటికి మా గదిలో నలుగురు ఉన్నారు. నలుగురి ముందు నా బొమ్మకు వంక పెట్టడం నాకు ఒంటికి కారం రాసినట్టయింది. “నా స్లైసులు తిన్నగా ఉన్నాయి. వంకర ఉంటే నీ లెక్కలో ఉంటుంది, చూసుకో. నువ్వు పుట్టకముందు నుంచీ తలలు చూస్తున్నాను,” అన్నాను. చివరి మాట అబద్ధం కూడాను. పిల్ల తల వంచుకుని వెళ్ళిపోయింది. రెండు రోజులు పచ్చడి సీసా తీసుకోలేదు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళన్నట్టు నేనూ పలకరించలేదు.

వారం మీటింగులో సర్జన్ ఆ బొమ్మ చూసి సంబరపడ్డాడు. ఢిల్లీవాడే, హిందీలో వేళాకోళాలాడే మనిషి. “గడ్డకూ దారికీ మధ్య వేలెడు జాగా ఉంది. మొత్తం తీసేయొచ్చు. మేడమ్‌జీ, ఏం బొమ్మ తీశారండీ, క్యా బాత్ హై!” అన్నాడు. నేను నవ్వుతూ కూర్చున్నాను. ఎదురుగా పిల్ల నోట్‌బుక్కులో ఏదో గీసుకుంటోంది.

ఆపరేషన్ గురువారం పొద్దున. బుధవారం మధ్యాహ్నం భోజనం అయ్యాక ఆ బొమ్మకు రంగు ప్రింటు తీసి, ఆవిడకు చూపించాలని వార్డుకు వెళ్ళాను. ధైర్యం చెప్పడానికని అనుకున్నాను. నిజానికి నా పనితనం తెలుగు మనిషికి చూపించుకోవాలని.

ఆవిడ మంచం మీద కూర్చుని షార్ట్‌హ్యాండ్ రాస్తోంది. పక్క మంచం దగ్గర డాక్టర్లు మాట్లాడుకునేదంతా పట్టేస్తోంది.

“ఏం చేసేది అక్కా, ఈ చెయ్యి రేపటికి ఉంటాదో లేదో. ఉన్నంతసేపు వాడుకుందామని,” అంది నవ్వుతూనే. కళ్ళు మాత్రం నవ్వలేదు. “ఇరవై రెండేళ్ళుగా దీంతోనే తిన్నా. నాకు వేరే పని రాదు.”

ఆవిడ ఒడిలో పుస్తకం వంక చూశాను. అలవాటు ఊరుకోదు కదా, పుస్తకం కుడి వైపు తిరిగి ఉంటే చెయ్యి చాచి తిన్నగా పెట్టాను.

“అయ్యయ్యో, తిప్పబాకండక్కా!” అని మళ్ళీ ఒరిగించుకుంది. “నా మెడ ఇట్లా ఉంది గదా, పుస్తకం కూడా ఇట్లాగే పెట్టుకుంటా. గీతలు మాత్రం బల్లకి తిన్నగా వేస్తా. దీంట్లో గీత వాలును బట్టే అక్షరం అక్కా. నిట్టనిలువుగా గీస్తే ట. పైనుంచి కుడి పక్కకి జారిస్తే ప. ఒకసారి నేను సెలవులో ఉంటే ఇంకో స్టెనో నా పుస్తకం తిన్నగా పెట్టుకొని చదివినాడు. ట లన్నీ ప లైపోయినాయి. ఆఫీసరు నెత్తి కొట్టుకున్నాడు. పుస్తకం తిప్పినట్టు గీతకేం తెల్సు చెప్పండి?”

నేను నవ్వబోయాను. సగంలో ఆగిపోయాను.

చేతిలో నా తిన్నని బొమ్మ ఉంది. మెషీను ఇరవై అయిదు దిక్కుల్లో కొలిచింది. ఆ దిక్కులు మెషీనువి, పిల్ల లెక్క కట్టేది వాటి పట్టిక పెట్టుకునే. నేను బొమ్మను తలకు సరిపడా తిప్పేశాను. బొమ్మను తిప్పినట్టు దిక్కులకు ఎవరు చెప్పారు?

ఆవిడతో ఏం చెప్పి లేచానో గుర్తు లేదు. లిఫ్టు కోసం ఆగలేదు. నాలుగు అంతస్తులు మెట్ల మీద దిగాను. అప్పటికి నాకు నలభై తొమ్మిదేళ్ళు, మోకాళ్ళు మంచివి కావు. పిల్ల కంప్యూటరు ముందు చెవుల్లో పాటలు పెట్టుకుని కూర్చుంది. నన్ను చూసి మొహం అటు తిప్పుకుంది.

“దిక్కుల పట్టిక తెరువు,” అన్నాను. “ఇందులో ఆవిడ తల వాలు ఎక్కడుంది?”

పిల్ల ముందు నన్ను చూసింది, తర్వాత తెరను చూసింది. చెవుల్లోంచి తీగలు తీసేసింది. “లేదు మేడమ్. అందరికీ ఒకటే పట్టిక పెడ్తున్న. మీరు అందరి తలలు తిన్నగనే పండవెడ్తరు గదా, స్లైసులు కూడ తిన్నగనే ఉంటయనుకున్న.” మెల్లగా అంది, “బొమ్మ తిరిగింది, దిక్కులు తిరగలే.”

క్షమించమని ఆ క్షణాన అనాల్సింది. నోరు రాలేదు. “కూర్చో, చూద్దాం,” అని మాత్రం అన్నాను.

అనుమానం అనుమానమే, రుజువు కావాలి. మూడు గంటల పేషెంటు ఆ రోజు రాలేదు. డ్యూటీలో ఉన్న హర్యానా సహోద్యోగిని బతిమాలి, ఉంగరాలూ గాజులూ తీసి పక్కన పెట్టి, నేనే మెషీనులోకి పోయాను. తల కుడి భుజం మీదికి ఒరిగించి పడుకున్నాను. ముప్ఫై ఏళ్ళలో మా బల్లమీద అంత వంకరగా పడుకున్న మనిషిని నేను చూడలేదు. “స్లైసుల్ని మేడమ్ తలకు సరిగ్గా తిప్పండి భయ్యా,” అని పిల్ల మైకులో చెప్పడం వినిపించింది. ఆ చప్పుళ్ళలో కదలకుండా పడుకుని, నా స్పాంజి ముక్కల కింద ఎంతమంది మెడలు నొప్పి పుట్టాయో మొదటిసారి తెలుసుకున్నాను.

పాత పట్టికతో లెక్క కడితే నా తలలోనూ అదే బొమ్మ. ఎడమ దారి నడిమికి వంగింది, కుడి దారి చెవి వైపు వంగింది. నా తలలో గడ్డ లేదు, నాకు తెలిసినంతవరకు. పట్టికను వాలుకు తగ్గట్టు తిప్పి మళ్ళీ కడితే రెండు దారులూ రెండు పక్కలా బుద్ధిగా నిలబడ్డాయి.

తర్వాత ఆవిడ లెక్క మళ్ళీ కట్టింది పిల్ల. సాయంత్రం అయిదున్నరకు తెరమీద నీలం దారి లేచింది. ఈసారి అది నడిమికి వంగలేదు. తిన్నగా వెళ్ళి గడ్డ అంచును ఆనుకుని పైకి పోయింది. వేలెడు జాగా అన్నది లేదు, వెంట్రుక పట్టేంత ఉందేమో. పిల్ల నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

సర్జన్ అప్పుడే సంచీ భుజాన వేసుకుని బయల్దేరుతున్నాడు. ఇద్దరం రెండు ప్రింట్లూ బల్లమీద పెట్టి చెప్పాం. కాదు, నేనే చెప్పాను. స్లైసులు తిప్పింది నేను, పిల్ల అనుమానపడితే నోరు మూయించింది నేను అని చెప్పాను. ఆయన సంచీ దించి కూర్చున్నాడు. ఎంతకీ వేళాకోళం ఆడలేదు.

“నేను బొమ్మ ఒక్కటీ చూసి కత్తి పెట్టను మేడమ్,” అన్నాడు చివరికి. “లోపల చిన్న కరెంటు ఇచ్చి చెయ్యి కదులుతోందా అని చూసుకుంటాను. కానీ ఎక్కడ నెమ్మదిగా పోవాలో బొమ్మే చెబుతుంది. వేలెడు జాగా ఉందనుకున్న చోట ఎవరూ నెమ్మదిగా పోరు.” తర్వాత లేచి, “చలియే, ఆమెకు మనమే చెప్పాలి. మీరు తెలుగులో చెప్పండి,” అన్నాడు.

మీలో ఎవరికైనా ఈ పరిస్థితి వస్తే, పైఅధికారికి చెప్పడం కష్టమనుకుంటారు. అది సులువు. మంచం మీద కూర్చున్న మనిషికి చెప్పడమే కష్టం. నేను చెబుతున్నంతసేపూ ఆవిడ తల ఒరిగించి నన్నే చూసింది. భర్త తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు.

“అంటే నా పుస్తకం తిప్పి చదివినారన్నమాట,” అంది.

“అవునమ్మా. నేనే తిప్పాను.”

“రేప్పొద్దున కాకుండా ఈ పొద్దు తెలిసింది గదా. పోనీలెండి.” అని సర్జన్ వైపు తిరిగి హిందీలో అడిగింది, ఇప్పుడేం చేస్తారని. ఆయన రెండు దారులు చెప్పాడు. మొత్తం తీస్తే చెయ్యి పోవచ్చు. అంచున పలచటి పొర వదిలేస్తే చెయ్యి దక్కే అవకాశం ఎక్కువ, కానీ ఆ మిగిలినదానికి రేడియేషన్ ఇవ్వాలి, ఏటా స్కాన్ తీయించుకోవాలి. అది పెరగదని మాట ఇవ్వలేను అన్నాడు.

ఆవిడ తన చెయ్యి వంక చూసుకుంది. భర్త వంక చూసింది. ఆయన ‘నీ ఇష్టం’ అన్నట్టు తలూపాడు.

“చెయ్యి లేకుండా బతికేవాళ్ళు లేరా, ఉండారు,” అంది నాతో. “అయినా నన్ను అడిగినారు గనక చెప్తా ఉండా. పొర వదిలేయమనండి అక్కా. ఏటా స్కానుకి వస్తా. మీరుండారు గదా.”

మీరుండారు గదా! ఆ మాట మోసుకుంటూ ఆ సాయంత్రం చార్టర్డ్ బస్సులో ఇందిరాపురం వచ్చాను. దిగాల్సిన స్టాపు దాటిపోయి, రెండు స్టాపులు వెనక్కి నడిచాను.

ఆపరేషన్ ఆరు గంటలు పట్టింది. బయటికి వచ్చాక సర్జన్ మాకు ఫోన్ చేసి, దారి కొత్త బొమ్మ చూపించిన చోటే దొరికిందని చెప్పాడు. పిల్ల ఫోన్ పెట్టేసి బాత్‌రూమ్‌లోకి వెళ్ళి చాలాసేపు రాలేదు. నేను సంతోషపడలేకపోయాను. ఎందుకంటే మూడో రోజు దాకా ఆవిడ కుడి చెయ్యి కదల్లేదు. వాపు తగ్గితే వస్తుందని సర్జన్ అన్నాడు. వార్డు గుమ్మం దాకా వెళ్ళి రెండుసార్లు వెనక్కి వచ్చేశాను. నాలుగో రోజున బొటనవేలు కదిలిందని భర్త వచ్చి చెప్పాడు. ఆయనకు తినమని ఏదో పెట్టబోయి, నా డబ్బాలో ఏమీ లేదని అప్పుడు చూసుకున్నాను. పొద్దున ఖాళీ డబ్బా తెచ్చుకున్నాను.

ఈ మధ్యలో పిల్లా నేనూ పాత కేసులన్నీ మళ్ళీ తెరిచాం. నేను బొమ్మలు తిప్పిన ప్రతి తలకూ పట్టిక తిప్పి లెక్క కట్టాం. మిగతావాళ్ళ వాలు చాలా తక్కువ, దారి జరిగింది కూడా అంతంతే. ఎవరికీ చెరుపు జరగలేదు. అది మా తెలివి కాదు, అదృష్టం. అప్పటినుంచి మా గదిలో ఒక కాగితం అంటించాం. స్లైసులు తిప్పినవాళ్ళు ఎంత తిప్పారో అందులో రాసి సంతకం పెట్టాలి. మొదటి సంతకం నాదే.

తొమ్మిదో రోజున ఇద్దరం కలిసి వార్డుకు వెళ్ళాం. ఆవిడ తలకు కట్టుతో, దిండుకు ఆనుకుని కూర్చుంది. ఒళ్ళో పుస్తకం, ఎప్పటిలా కుడికి ఒరిగి. వేళ్ళ మధ్య పెన్సిలు వణుకుతోంది.

“ఎవరైనా ఏదన్నా మాట్లాడండి, రాసి చూస్తా. మెల్లగా మాట్లాడండి,” అంది.

పిల్ల నన్ను చూస్తోంది. అప్పుడు వచ్చింది నోరు.

“ఈ పిల్ల నాకు ముందే చెప్పింది. కుడి పక్క దారి ఎందుకు వంగిందని అడిగింది. అడగాల్సిన ప్రశ్నే అడిగింది. నేను నలుగురిలో దాని నోరు మూయించాను. తప్పు నాది,” అని పిల్ల వైపు తిరిగాను. “అమ్మా, నన్ను క్షమించు.”

“ఏంది మేడమ్, గిట్లంటరు...” అని పిల్ల ఏడ్చేసింది. నేనూ ఏడ్చాను. ఆవిడ మాత్రం ఏడవలేదు, పనిలో ఉంది. పెదవి కొరుక్కుంటూ, ఆగుతూ, గీతలు వేస్తోంది. షార్ట్‌హ్యాండ్ ఇంగ్లీషుదే అయినా అందులో పలుకునే రాస్తారు కాబట్టి తెలుగు కూడా పట్టేస్తుంది. అయిపోయాక ఒక్క మాట కూడా పోకుండా చదివి వినిపించింది. “గిట్లంటరు” దాకా వచ్చింది. ముగ్గురం నవ్వాం.

ఆవిడ మళ్ళీ ఉద్యోగంలో చేరింది. మునుపటి వేగం పూర్తిగా రాలేదు, చిటికెన వేలు మొద్దుగానే ఉండిపోయింది. ఏటా స్కానుకు వచ్చేది. ఏటా నేనే తీశాను, ఏటా వాలు రాసి సంతకం పెట్టాను. నేను రిటైరైన రోజున కూడా వచ్చింది, స్కానుకు కాదు, జిలేబీలతో. పిల్ల ఇప్పుడు ఇంకో ఊళ్ళో తనే పదిమందికి ఈ లెక్కలు నేర్పుతోంది. పచ్చడి మాత్రం ఇప్పటికీ నా దగ్గరినుంచే వెళుతుంది.

ఆ రోజు రాసిన కాగితాన్ని ఆవిడ పుస్తకంలోంచి చింపి నాకిచ్చింది. చట్రం కట్టించి మా హాల్లో పెట్టాను. మా ఇంట్లో అన్నీ తూచినట్టు ఉంటాయి, అదొక్కటే కుడి వైపు ఒరిగి ఉంటుంది. వచ్చినవాళ్ళు చూసి చూసి, పాపం మర్యాదకు, లేచి సరిచేయబోతారు. తిప్పొద్దంటాను. తిన్నగా పెడితే నేను అడిగిన క్షమాపణ ఎవరికీ అర్థం కాదు.